కళాకారుల స్థాయి నీటిరంగులు: ట్యూబుపై పేరు చూడాలా, వర్ణకపు సంఖ్య చూడాలా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి ఒక అభ్యాసకురాలు

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికిన ఉదయాలలో బీచ్ రోడ్డు మీదా, చేపల రేవు దగ్గరా కూర్చుని నీటిరంగుల చిత్రాలు వేస్తుంటాను. ఇంతకాలం విద్యార్థుల కోసం అమ్మే పెట్టెలోని రంగులతోనే సాధన చేశాను. గీత, వాష్ (పలుచని రంగుపూత), వెలుగునీడలు కొంతవరకు చేతికి వచ్చాయి కనుక ఇక కళాకారుల స్థాయి రంగులకు మారాలని ఉంది. అయితే డబ్బు పెట్టే ముందు తెలుసుకోవలసినది చాలా ఉందని రెండు విషయాల వల్ల అర్థమైంది.

మొదటిది ఇది. మా ప్రహరీ మీద పాకిన కాగితం పూల తీగను చిత్రించి, పటం కట్టించి, పడమటి కిటికీకి ఎదురుగోడకు తగిలించాను. కొంతకాలానికి ఆకుల పచ్చదనం, వెనకాల ఆకాశపు నీలం అలాగే నిలిచి ఉండగా, పూల గులాబీ రంగు మాత్రం దాదాపు పూర్తిగా వెలిసిపోయింది. ఒకే పెట్టెలోని రంగులు ఎండకు ఇంత భిన్నంగా ఎందుకు ప్రవర్తిస్తాయో నాకు బోధపడలేదు.

రెండవది, సాప్ గ్రీన్ అన్న పేరుతోనే ఉన్న రెండు కంపెనీల ట్యూబులను ఒక స్నేహితురాలి దగ్గర పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి లేత మామిడాకు రంగుకు దగ్గరగానూ, మరొకటి నీలం కలిసిన ముదురు పచ్చగానూ ఉన్నాయి. ట్యూబు వెనుక చిన్న అక్షరాలలో పీజీ7, పీవై150 అన్నట్లు ఏవో సంకేతాలు కనిపించాయి గాని వాటిని చదవడం నాకు తెలియదు.

ఆ సంకేతాలను ఎలా అర్థం చేసుకోవాలి? మొదట ఎన్ని రంగులు కొంటే సరిపోతుంది? నేను ఎక్కువగా వేసేది సముద్రం, పడవలు, ఎర్రమట్టి దిబ్బలు, పూలు. ఇంట్లో చిన్నపిల్లవాడు ఉన్నాడు కనుక కాడ్మియం రంగుల గురించి కూడా భయంగా ఉంది. దయచేసి అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు, సీతమ్మధార

అమ్మా, మీరు ట్యూబు వెనుక చూసిన ఆ చిన్న అక్షరాలే రంగుకు అసలు పేరు. ముందువైపు పెద్ద అక్షరాలలో ఉన్నది కంపెనీ తన ఇష్టప్రకారం పెట్టుకున్న పేరు. కళాకారుల స్థాయి రంగులు కొనేవారు నేర్చుకోవలసిన మొట్టమొదటి విషయం ఇదేనని, బ్రాండ్ల మంచిచెడ్డలన్నీ దీని తరువాతే వస్తాయని నా నమ్మకం.

కలర్ ఇండెక్స్ అన్న అంతర్జాతీయ పట్టికలో ప్రతి వర్ణకానికీ, అంటే పిగ్మెంటుకూ, ఒక సంకేతం ఉంటుంది. మొదటి అక్షరమైన పీ అది పిగ్మెంట్ అని చెబుతుంది. రెండవ అక్షరం రంగు కుటుంబాన్ని చెబుతుంది: వై అంటే పసుపు, ఓ అంటే నారింజ, ఆర్ అంటే ఎరుపు, వీ అంటే ఊదా, బీ అంటే నీలం, జీ అంటే పచ్చ, బీఆర్ అంటే గోధుమ, బీకే అంటే నలుపు, డబ్ల్యూ అంటే తెలుపు. ఆ తరువాతి అంకె ఆ కుటుంబంలో ఆ పదార్థానికి దక్కిన వరుస సంఖ్య మాత్రమే గాని నాణ్యతకు గుర్తు కాదు. పీబీ29 అని ఉంటే అది అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం. ఆ ట్యూబు ఇంగ్లండులో తయారైనా, జపానులో తయారైనా, మన దేశంలో తయారైనా లోపలి వర్ణకం అదే.

ఇప్పుడు మీ సాప్ గ్రీన్ సంగతి చూద్దాం. పూర్వం ఆ రంగును బక్‌థార్న్ అనే పొద కాయల రసంతో చేసేవారు. అది వెలుగుకు నిలిచేది కాదు. నేడు ఆ పేరుతో వచ్చేవన్నీ మిశ్రమాలే. సాధారణంగా పీజీ7 లేదా పీజీ36 అనే థాలో గ్రీన్‌కు ఏదో ఒక పసుపు కలుపుతారు, ఏ పసుపు ఎంత కలపాలన్నది కంపెనీ ఇష్టం. హుకర్స్ గ్రీన్, పేన్స్ గ్రే, ఇండిగో కూడా ఇంతే. ఇండిగో అని ఉన్న ట్యూబులో నీలిమందు ఉంటుందని మనం అనుకుంటాం గాని, చాలా కంపెనీల ట్యూబులలో ఉండేది థాలో బ్లూ, నలుపు, కొన్నిసార్లు కాస్త ఊదా కలిసిన మిశ్రమం. నిజానికి అది మనకు మేలే, ఎందుకంటే అసలు నీలిమందు నీటిరంగుగా వెలుగుకు అంత గట్టిగా నిలబడదు.

మిశ్రమాలు చెడ్డవని నేను అనడం లేదు, కానీ మొదటి కొనుగోలులో ఒకే వర్ణకం ఉన్న ట్యూబులనే ఎంచుకోమని గట్టిగా చెబుతాను. మూడు వర్ణకాలున్న పచ్చను, రెండు వర్ణకాలున్న ఎరుపుతో కలిపినప్పుడు పాలెట్‌లో మీరు కలిపింది రెండు రంగులనుకుంటారు, నిజానికి అక్కడ ఐదు పదార్థాలు ఒకదాని కాంతిని మరొకటి మింగుతుంటాయి. ఆకుల నీడలు బురద తేలడానికి చాలామంది తమ చేతిని నిందించుకుంటారు. తప్పు తరచు ట్యూబులో ఉంటుంది. ఒకే వర్ణకపు రంగులతో పనిచేస్తే ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో కొద్దికాలంలోనే కంటికి, చేతికి గుర్తుండిపోతుంది.

సంఖ్యను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. పీవీ19 అన్న ఒకే సంఖ్య కింద గులాబీ రంగు క్వినాక్రిడోన్ రోజ్, ముదురు ఊదా రంగు క్వినాక్రిడోన్ వయొలెట్ రెండూ వస్తాయి, ఎందుకంటే ఒకే అణువు రెండు రకాల స్ఫటికాలుగా ఏర్పడినప్పుడు రెండు వేర్వేరు రంగులుగా కనిపిస్తుంది. పీబీఆర్7 కింద రా సియెనా, బర్న్ట్ సియెనా, రా అంబర్, బర్న్ట్ అంబర్ అన్నీ ఉంటాయి. కాబట్టి సంఖ్య వల్ల పదార్థం ఏమిటో, అది ఎంతకాలం నిలుస్తుందో తెలుస్తుంది, ఖచ్చితమైన ఛాయ తెలియాలంటే మాత్రం కాగితం మీద పూసి చూడవలసిందే.

మీ కాగితం పూలు వెలిసిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. విద్యార్థుల పెట్టెలలోనూ, కొన్ని ఖరీదైన ట్యూబులలోనూ కూడా కళ్లు జిగేల్మనిపించే గులాబీ రంగుల కోసం ఫ్లోరసెంట్ అద్దకపు రంగులను వాడతారు. ఓపెరా పేరుతో వచ్చే గులాబీ రంగు ఎక్కువగా పీఆర్122 అనే క్వినాక్రిడోన్ మెజెంటాకు అటువంటి అద్దకపు రంగును కలపగా వచ్చినదే. అందులోని మెరుపంతా ఆ అద్దకపు రంగుది, ఎండకు మొదట పోయేది కూడా అదే. అలాగే అలిజరిన్ క్రిమ్సన్ పేరుతో పీఆర్83 ఉన్న ట్యూబు కనిపిస్తే పటం కట్టించే చిత్రానికి వాడకండి. 1868లో గ్రేబ్, లీబర్మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు ఆ అణువును ప్రయోగశాలలో తయారుచేసి గొప్ప పేరు పొందారు, ఎందరో మహాచిత్రకారులు ఆ రంగును ప్రేమించారు, అయినా పలుచని పూతలో అది నిలబడదు. కొచినీల్ పురుగు నుంచి తీసే అసలు కార్మైన్, సంకేతం ఎన్ఆర్4, ఇంకా బలహీనమైనది. ఇక్కడ ఎన్ అంటే ప్రకృతిసిద్ధమైనదని అర్థం.

మరి మీ పూలకు ఏది వాడాలి అంటే, పీవీ19లో గులాబీ ఛాయ ఉన్న ట్యూబు కొనండి. డూపాంట్ కంపెనీ 1958లో క్వినాక్రిడోన్ వర్ణకాలను మార్కెట్లోకి తెచ్చింది. కార్ల పెయింటు కోసం పనికివచ్చేంత గట్టివి కనుకనే మన చిత్రాలకూ అవి వరమయ్యాయి. కాగితం పూల మెరుపు యథాతథంగా రాదు. పువ్వు చుట్టూ ఉన్న ఆకులను కాస్త మందగింపజేసి, పూరేకుల దగ్గర కాగితపు తెలుపును వదిలితే పూలు తమంతట తామే వెలుగుతాయి.

వెలుగును తట్టుకునే గుణానికి అమెరికాలోని ఏఎస్‌టీఎం సంస్థ 1 నుంచి 5 వరకు, రోమను అంకెలలో, తరగతులు నిర్ణయించింది. 1, 2 తరగతులవే చిత్రాలకు తగినవి. విన్సర్ అండ్ న్యూటన్ వారు తమ ట్యూబులపై ఏఏ, ఏ, బీ, సీ అని వేస్తారు. అందులో మొదటి రెండూ చాలు. కొన్ని కంపెనీలు నక్షత్రపు గుర్తులు వాడతాయి. అయితే తయారీదారు వేసిన గుర్తుతో తృప్తిపడక, మీ ఇంట్లోనే పరీక్ష చేసుకోండి. ప్రతి రంగునూ ఒక చివర చిక్కగా, మరో చివర బాగా పలుచగా ఉండేలా ఒక పట్టీగా పూసి, దాన్ని నిలువునా రెండుగా కత్తిరించి, ఒక ముక్కను పుస్తకంలో దాచి, రెండవదాన్ని అదే పడమటి కిటికీ అద్దానికి అతికించండి. మన విశాఖ ఎండలు ఒక వేసవి కాస్తే చాలు, ఏది నిలిచేదో ఏది పోయేదో తేలిపోతుంది. పలుచని చివరను ప్రత్యేకంగా గమనించాలి, ఎందుకంటే నీటిరంగుల చిత్రంలో సగానికి పైగా ఉండేవి పలుచని పూతలే.

ఇక స్థాయిల తేడా. విద్యార్థుల రంగులలో వర్ణకం తక్కువ, పూరక పదార్థాలు ఎక్కువ. ఖరీదైన వర్ణకాల స్థానంలో చవకైనవి పెట్టి పేరు చివర హ్యూ అని చేర్చుతారు. కాడ్మియం రెడ్ హ్యూ అంటే అందులో కాడ్మియం లేదని అర్థం చేసుకోవాలి. ఒకే కంపెనీ రెండు స్థాయిలనూ అమ్ముతుంది కనుక కంపెనీ పేరు ఒక్కటే చూసి కొనకండి. విన్సర్ అండ్ న్యూటన్‌లో ప్రొఫెషనల్, కాట్మన్ వేర్వేరు. రాయల్ టాలెన్స్‌లో రెంబ్రాంట్, వాన్ గో వేర్వేరు. కళాకారుల స్థాయిలో కూడా సిరీస్ అంకెను బట్టి ధర మారుతుంది. సిరీస్ 1లోని మట్టిరంగులు, అల్ట్రామెరైన్ చవక. కోబాల్ట్, కాడ్మియం రంగులు పై సిరీస్‌లలో ఉంటాయి. అది వర్ణకం ఖరీదు తప్ప రంగు గొప్పదనం కాదు, సిరీస్ 1 ట్యూబును తక్కువగా చూడనక్కరలేదు.

సమాధానం: ఆరుబయట చిత్రాలు వేసేవాడిని, భీమిలి

మాస్టారు చెప్పినదంతా నాకు సమ్మతమే. నేను మన ఊరి దృశ్యాలకు ఏ వర్ణకాలు నప్పుతాయో అంతవరకే రాస్తాను, ఎందుకంటే విదేశీ పుస్తకాలలో సూచించే పాలెట్లు చలిదేశాల మసక వెలుగుకూ, అక్కడి పచ్చికకూ సరిపోయేవి.

ముందుగా ఎర్రమట్టి దిబ్బలు. విశాఖ నుంచి భీమిలి వచ్చే దారిలో సముద్రానికి ఆనుకుని ఉన్న ఈ ఇసుక దిబ్బలను జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇసుకరేణువులకు పట్టిన ఇనుము ఆక్సైడ్ వల్లనే వాటికి ఆ ఎరుపు వచ్చింది. మన ట్యూబులలోని పీఆర్101 కూడా ఇనుము ఆక్సైడే, కాకపోతే కర్మాగారంలో తయారైనది. గనుల నుంచి తీసినదైతే పీఆర్102 అని గాని, పీబీఆర్7 అని గాని వేస్తారు. అంటే ఆ దిబ్బలను చిత్రించేటప్పుడు దిబ్బ ఏ పదార్థంతో ఎర్రబడిందో దాదాపు ఆ పదార్థంతోనే మనం కాగితాన్ని ఎర్రబరుస్తున్నాం. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అయితే పీఆర్101తో జాగ్రత్త అవసరం. ఇండియన్ రెడ్, వెనీషియన్ రెడ్, లైట్ రెడ్, కొన్ని కంపెనీల బర్న్ట్ సియెనా, అన్నింటి మీదా ఇదే సంఖ్య ఉండవచ్చు. రేణువు పెద్దదైతే ఎరుపు ఊదా వైపు మొగ్గుతుంది, చిన్నదైతే నారింజ వైపు మొగ్గుతుంది. మరీ సన్ననిదైతే రంగు పారదర్శకమవుతుంది. ఇండియన్ రెడ్ చిక్కగా, కింది పూతను కప్పేసేలా ఉంటుంది. ఎండ పడిన దిబ్బ అంచులకు అది పనికిరాదు, అక్కడ పారదర్శకమైన బర్న్ట్ సియెనాను పలుచగా పరిస్తే కాగితపు వెలుగు లోపలి నుంచి వస్తుంది. వర్షపునీరు కోసిన లోతైన చాళ్లలోని నీడకు అదే బర్న్ట్ సియెనాలో అల్ట్రామెరైన్ కలపండి. ఈ రెండూ నారింజ, నీలం వంటి ఎదురెదురు రంగులు కనుక నిష్పత్తిని బట్టి వెచ్చని గోధుమ నుంచి చల్లని బూడిద వరకు అన్ని మెట్లూ దొరుకుతాయి. నలుపు ట్యూబు కొనే అవసరమే రాదు.

అల్ట్రామెరైన్‌లో నాకు నచ్చిన మరో గుణం దాని గ్రాన్యులేషన్. రేణువులు నీటిలో పేరుకుని కాగితపు గుంటలలో దిగి, ఆరిన తరువాత సన్నని ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. వానకు ముందు డాల్ఫిన్స్ నోస్ కొండ మీదికి వచ్చే మబ్బుకు, యారాడ కొండల దూరపు మసకకు ఇది సరిగ్గా సరిపోతుంది. మృదువైన కాగితం మీద ఈ అందం కనిపించదు. కాస్త గరుకు ఉన్న 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) నూలు కాగితం తీసుకోండి.

సముద్రం విషయంలో చాలామంది థాలో బ్లూతో, అంటే పీబీ15:3తో మొదలుపెడతారు. అది అద్భుతమైన వర్ణకం, చవక, వెలుగుకు లొంగదు. కానీ దాని బలం ఎంతంటే కుంచె కొనకు అంటినంత రంగు ఒక పాలెట్ గుంటనంతా ఆక్రమిస్తుంది, కాగితానికి పట్టిందంటే తడి కుంచెతో ఎత్తివేయడం కుదరదు. కెరటం తలపై నురగను తరువాత తుడిచి తెల్లగా చేద్దామనుకుంటే సాధ్యపడదు. అందువల్ల రుషికొండ దగ్గర తీరపు నీళ్లకు నేను పీబీ35 లేదా పీబీ36 సెరూలియన్, లోతు నీళ్లకు అల్ట్రామెరైన్, మధ్యలో అవసరమైన చోట మాత్రమే చిటికెడు థాలో వాడతాను. సెరూలియన్ ఖరీదైనది, ఎందుకంటే అందులో కోబాల్ట్ ఉంటుంది. మొదట్లో కొనలేకపోతే థాలోనే బాగా పలుచన చేసి వాడుకోవచ్చు, నురగకు చోటు ముందుగానే వదిలిపెట్టాలి.

పచ్చల కోసం వేరే ట్యూబు కొనకముందు పీవై150 అనే నికెల్ అజో పసుపును పరిశీలించండి. అల్ట్రామెరైన్‌తో కలిపితే అణిగిన ఆకుపచ్చ, థాలోతో కలిపితే తాటాకుల మీద ఎండ పడినప్పటి పచ్చ వస్తాయి. చల్లని పసుపు కావాలంటే పీవై154 నమ్మదగినది. ఆరియోలిన్ అనే పీవై40కి ఎంతో కీర్తి ఉంది, పలుచని పూత ఎంతో కోమలంగానూ ఉంటుంది, కానీ చాలామంది చిత్రకారుల పరీక్షలలో అది కాలక్రమేణా గోధుమబూడిదగా మారింది. నేను దాని జోలికి పోను.

కాబట్టి నా లెక్కలో మీకు మొదట ఆరు ట్యూబులు చాలు: పీబీ29, పీబీ15:3, పీవై154, పీవై150, పీవీ19 గులాబీ, పారదర్శకమైన బర్న్ట్ సియెనా. చేపల రేవులోని పడవల ఎరుపు కోసం ఏడవదిగా పీఆర్254, అంటే పైరోల్ రెడ్, చేర్చుకోండి. పాలెట్ నింపాలన్న తొందర వద్దు. ప్రతి రంగూ మిగిలిన వాటితో జంటజంటగా ఎలా కలుస్తుందో ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి పూసుకోండి. ఆ పట్టికే మీకు ఏ పుస్తకం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

సమాధానం: రసాయన శాస్త్ర అధ్యాపకురాలు, గాజువాక

కాడ్మియం గురించి మీరు అడిగిన దానికి ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు కనుక అక్కడినుంచి మొదలుపెడతాను. పీవై35 కాడ్మియం పసుపు, పీఓ20 కాడ్మియం నారింజ, పీఆర్108 కాడ్మియం ఎరుపు. వీటిలో కాడ్మియం సల్ఫైడ్‌గానూ, నారింజ, ఎరుపులలో సెలీనియంతో కలిసీ ఉంటుంది. ఈ సమ్మేళనాలు నీటిలో దాదాపు కరగవు, అందువల్ల చర్మానికి అంటినంత మాత్రాన ప్రమాదం తక్కువ. అసలు ప్రమాదం దుమ్ముగా పీల్చడంలోనూ, నోట్లోకి పోవడంలోనూ ఉంది. కనుక ఎండిన రంగును గీకకూడదు, స్ప్రే చేయకూడదు, కుంచె కొనను పెదవులతో సరిచేసుకునే అలవాటు ఉంటే వెంటనే మానుకోవాలి, కుంచె కడిగిన నీటిని పిల్లవాడికి అందనివ్వకూడదు. ఇవన్నీ పాటించగలిగినా, చిన్నపిల్లలున్న ఇంట్లో వీటిని తేకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పీఆర్254, పీవై154 ఆ పనిని దాదాపు అంత బాగానూ చేస్తాయి. కోబాల్ట్, నికెల్ ఉన్న రంగుల విషయంలో కూడా నోటికి తగలకుండా చూసుకోండి.

రెండవ విషయం తేమ. నీటిరంగులో వర్ణకాన్ని కాగితానికి పట్టి ఉంచేది గమ్ అరబిక్, అంటే ఆఫ్రికాలో పెరిగే ఒక తుమ్మజాతి చెట్టు బంక. అది ఎండి పెళుసుబారకుండా గ్లిజరిన్‌ను, కొన్ని కంపెనీలు తేనెను కలుపుతాయి. విన్సర్ అండ్ న్యూటన్ వారు 1830లలో గ్లిజరిన్ కలిపిన మెత్తని రంగులను తెచ్చిన తరువాతనే గట్టి బిళ్లలను అరగదీసే శ్రమ తప్పింది. ఈ గ్లిజరిన్, తేనె గాలిలోని తేమను లాక్కుంటాయి. పొడిగా ఉండే ఊళ్లలో ఇది వరం, మన సముద్రతీరంలో కొంత ఇబ్బంది. సెనెలియే, ఎం. గ్రాహం వంటి తేనె ఆధారిత రంగులను పాలెట్‌లో పోసి ఉంచితే వానాకాలంలో అవి పూర్తిగా గట్టిపడవు, పెట్టెను నిలువుగా సంచిలో పెడితే ఒకదానిలోకి ఒకటి జారతాయి. వాటిని వాడాలనుకుంటే ట్యూబు నుంచి అప్పటికప్పుడు కొంచెం కొంచెం తీసుకోవడం మేలు.

తడి పాలెట్‌ను మూసి అల్మారాలో పెడితే బూజు పట్టడం ఖాయం, ఎందుకంటే బంక, తేనె రెండూ శిలీంధ్రాలకు ఆహారమే. పని ముగిసిన తరువాత మూత తెరిచి ఫ్యాను కింద రాత్రంతా ఆరనిచ్చి మూయండి. కాగితాన్ని కూడా తేమ వదలదు. కాగితానికి వేసిన జిగురుపూత చెడిపోతే రంగు పైన నిలవకుండా లోపలికి ఇంకిపోయి మచ్చలుగా కనిపిస్తుంది. అటువంటి కాగితం మీద ఎంత మంచి వర్ణకమైనా దిగాలుగా ఉంటుంది. ప్యాకెట్ విప్పిన కాగితాన్ని సిలికా జెల్ పొట్లాలతో పాటు గట్టి ప్లాస్టిక్ సంచిలో ఉంచండి. పటం కట్టించేటప్పుడు అద్దం చిత్రానికి తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట ఉండాలని చెప్పండి.

భీమిలి వారు మెచ్చుకున్న రెండు నీలాల చరిత్రను ఇక్కడ చేర్చకుండా ఉండలేకపోతున్నాను. అల్ట్రామెరైన్ ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల లాజవర్దం అనే నీలిరాయి నుంచి వచ్చేది. దాన్ని కృత్రిమంగా తయారుచేసినవారికి 6,000 ఫ్రాంకులు ఇస్తామని ఫ్రాన్సులో 1824లో బహుమతి ప్రకటించగా, 1828లో గిమే దాన్ని గెలుచుకున్నారు. నేడది సిరీస్ 1 ధరకు దొరకడానికి కారణం అదే. థాలో కథ వేరు. 1928లో స్కాట్లాండులోని గ్రేంజ్‌మౌత్ కర్మాగారంలో థాలిమైడ్ తయారుచేస్తుండగా పాత్ర లోపలి ఎనామెల్ పూత పగిలి, ఇనుము తగిలి, నీలిపచ్చని పదార్థం ఒకటి ఏర్పడింది. దాన్ని పరిశోధించగా పుట్టిన రాగి సమ్మేళనాన్ని 1935లో మోనాస్ట్రల్ బ్లూగా అమ్మకానికి పెట్టారు. అణువు నడిమధ్య రాగిని నాలుగు నత్రజని పరమాణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి. కాంతి దాన్ని అంత సులభంగా విడగొట్టలేదు. పీబీ15 ఎండకు చెక్కుచెదరకపోవడానికి ఆ నిర్మాణమే కారణం. మీ ఆకాశం నిలిచి పూలు పోవడంలో ఈ తేడాయే కనిపించి ఉంటుంది.

ప్రశ్న వేసినవారు

మాస్టారికి, భీమిలి వారికి, మేడమ్‌కు కృతజ్ఞతలు. నా పాత పెట్టెను తెరిచి చూస్తే ఒక్క ట్యూబు మీద కూడా వర్ణకపు సంఖ్య లేదు. ఆరు రంగుల జాబితాను రాసుకున్నాను. ఇంకొక్క సందేహం మిగిలింది. 5 మిల్లీలీటర్ల చిన్న ట్యూబులు కొనాలా, 15 మిల్లీలీటర్ల పెద్దవి కొనాలా, లేక ఎండిన రంగు నింపిన హాఫ్ పాన్‌లు, అంటే చిన్న గిన్నెలు, తీసుకోవాలా? బీచ్ రోడ్డు మీద కూర్చున్నప్పుడు గాలికి ట్యూబుల మూతలు తీసి పెట్టుకోవడం కష్టంగా ఉంటుంది. మరొకటి, మనదేశపు కంపెనీల కళాకారుల శ్రేణిలోనే ఈ సంఖ్యలు దొరికితే వాటినే తీసుకోవచ్చా?

సమాధానం: విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు, సీతమ్మధార

తప్పకుండా తీసుకోవచ్చమ్మా. మన దేశపు కంపెనీ అయినా, విదేశీ కంపెనీ అయినా అడగవలసిన ప్రశ్నలు మూడే: ట్యూబు మీద గాని, కంపెనీ ప్రచురించిన రంగుల పట్టికలో గాని వర్ణకపు సంఖ్య ఉందా, ఒకటే ఉందా, వెలుగును తట్టుకునే తరగతి రాశారా? ఈ మూడింటికీ సమాధానం లభిస్తే ఒక్కొక్క ట్యూబును ఒక్కొక్క కంపెనీ నుంచి తెచ్చుకున్నా ఇబ్బంది లేదు, అన్నింటిలోనూ ఉండేది గమ్ అరబికే కనుక అవి చక్కగా కలుస్తాయి. సంఖ్య ఎక్కడా చెప్పని కంపెనీ రంగు ఎంత బాగున్నా చిత్రాలు అమ్మదలచినవారు, బహూకరించదలచినవారు దాన్ని పక్కన పెట్టడమే న్యాయం.

మొదటిసారి 5 మిల్లీలీటర్ల ట్యూబులే కొనండి. ఖాళీ హాఫ్ పాన్‌లు విడిగా దొరుకుతాయి. వాటిలో రంగును ఒకేసారి నింపకుండా, సగం పోసి, సన్నని పుల్లతో అంచుల దాకా కలియబెట్టి, రెండు మూడు రోజులు ఆరిన తరువాత మిగతా సగం పోయండి. అలా చేస్తే మధ్యలో గాలి బుడగలు, బీటలు రావు. ప్రతి పాన్ అడుగున వర్ణకపు సంఖ్యను చెరిగిపోని పెన్నుతో రాయండి, ఎందుకంటే ఎండిన తరువాత పీబీ29, పీబీ15:3, పీవీ19 మూడూ దాదాపు నల్లగానే కనిపిస్తాయి. బీచ్ రోడ్డుకు ఆ పెట్టె ఒక్కటి తీసుకువెళితే చాలు. బర్న్ట్ సియెనా, అల్ట్రామెరైన్ మాత్రం త్వరగా అయిపోతాయి, రెండవ విడతలో ఆ రెండింటినీ 15 మిల్లీలీటర్ల ట్యూబులుగా తెచ్చుకోండి.